పన్నెండు నిమిషాల ప్రభుత్వం

మా ఆఫీసులో రాహుకాలంలో సంతకాలు పెట్టరని ఊళ్ళో ఒక అపప్రథ ఉండేది. అది అబద్ధం. రాహుకాలంలో సంతకం పెట్టాల్సినవాళ్ళు సీట్లో ఉండేవాళ్ళు కాదు, అంతే. కమిషనర్ గారు వార్డుల తనిఖీలో ఉండేవారు, ఇంజనీరు గారు సైటు దగ్గర ఉండేవారు, నేను టీ దగ్గర ఉండేవాణ్ణి.

నేనంటే గుడిమెట్ల వీరరాఘవులు, రేగులపాడు పురపాలక సంఘం మేనేజరుని. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. నా బల్ల సొరుగులో పైన సర్వీసు రూల్సు పుస్తకం, దాని కింద పంచాంగం ఉంటాయి. రూల్సు పుస్తకం తొమ్మిదేళ్ళ నాటిది. పంచాంగం మాత్రం ఏటా ఉగాదికి వారం ముందే కొత్తది కొంటాను. పౌరసేవ అంటే నాకు అంత శ్రద్ధ.

ఇలా ఎవరికీ నొప్పి లేకుండా జరిగిపోతున్న పరిపాలనలో ప్రసేనరావు మాస్టారు వేలు పెట్టారు. ఆయన రిటైరైన ఫిజిక్సు లెక్చరరు, నాస్తికుడు. ఇంటి పన్ను రికార్డులో పేరు మార్పు కోసం పనిగట్టుకుని మంగళవారం మూడున్నరకీ, బుధవారం పన్నెండుంబావుకీ, గురువారం రెండింటికీ వచ్చారు. మూడుసార్లూ మా ఆఫీసులో కుర్చీలు తప్ప మనుషులు కనిపించలేదట. ఆయన మాతో ఒక్క మాటైనా అనకుండా ఇంటికెళ్ళి డైరెక్టరేటుకి నాలుగు పేజీల ఫిర్యాదు రాశారు. ఫిర్యాదు చివర ఏయే రోజు రాహుకాలం ఎప్పుడో పట్టిక కూడా జతచేశారు. ఆ పట్టిక నా పంచాంగం కంటే శుభ్రంగా ఉంది.

నెల తిరక్కుండా పైనుంచి మెమో దిగింది. "లౌకిక రాజ్య స్ఫూర్తి దృష్ట్యా, ప్రభుత్వ కార్యాలయములందు కేవలము ఒక్క మతమునకు చెందిన దుస్సమయములను మాత్రమే పాటించుట ఇతర మతముల యెడ వివక్ష అగును. కావున అన్ని మతముల దుస్సమయములను సమానముగా పాటించవలెను, లేదా ఏ ఒక్కటియు పాటించరాదు."

కమిషనర్ గారు ఈ మెమోని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, అర్జెంటుగా మీటింగు పెట్టారు.

"ప్రభుత్వం మనకి రెండు ప్రత్యామ్నాయాలు ఇచ్చింది. రెండో ప్రత్యామ్నాయం తీసుకుంటున్నట్టు ఒక ప్రొసీడింగ్సు ఇవ్వాలి. దాని మీద నేను సంతకం పెట్టాలి. ఆ సంతకంతో రాహుకాలం రక్షణ పోతుంది. అలాంటి సంతకానికి ముహూర్తం ఎవరు పెడతారు?" అన్నారు.

నాకే నోరు ఊరుకోలేదు. "మొదటిదే తీసుకుందాం సార్. ఉద్యోగుల్లో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వాళ్ళ చెడ్డ టైములు అడిగి తెలుసుకుని ఒక పట్టిక వేస్తే సరిపోతుంది," అన్నాను. ఆ మాట అన్నప్పుడు టైము చూసుకోలేదు. తర్వాత చూస్తే సరిగ్గా వర్జ్యం నడుస్తోంది.

పట్టిక వేసే పని నా నెత్తినే పడింది. హిందువుల కాలమ్ నేనే పావుగంటలో నింపేశాను. రాహుకాలం, యమగండం, వర్జ్యం, అమావాస్య, మంగళవారం పూర్తిగా, శనివారం దాదాపుగా. తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ మొహిద్దీన్‌ని పిలిచాను.

"మాకు చెడ్డ టైమంటూ ఏం లేదు సార్," అన్నాడు మొహిద్దీన్. "శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి పోతాం. అది మంచి టైము."

"మంచి టైము కాలమ్ లేదయ్యా. చెడ్డది చెప్పు."

"లేదు సార్. అట్టా శకునాలు చూడటం తప్పని మా మసీదు హజ్రత్ చెబుతారు."

"నిల్ అని పంపితే వెనక్కి కొడతారు. మైనారిటీల దుస్సమయాల్ని మేనేజరు తొక్కిపట్టాడని నా మీదికొస్తుంది. కాస్త ఆలోచించు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఏమీ అనేవాళ్ళు కాదా?"

మొహిద్దీన్ నా ముఖం చూసి జాలిపడ్డాడు. "మా నానమ్మ సఫర్ నెలలో మొదటి పదమూడు రోజులూ మంచివి కావనేది సార్. తేరా తేజీ అనేవాళ్ళు. మా నాయన ఆమెతో రోజూ పోట్లాడేవాడు."

నేను నానమ్మగారి మాట రాసుకున్నాను, నాయనగారి మాట వదిలేశాను. అయితే సంవత్సరానికి పదమూడు రోజులంటే మా పక్క లెక్క ముందు మరీ చిన్నబోయింది. సమానత్వం కోసం ప్రతి నెలా మొదటి పదమూడు రోజులు ఉదయం పదకొండున్నర దాకా అని సర్దాను.

జూనియర్ అసిస్టెంటు సువార్తమ్మ గారు ఇంకా మొండికేశారు. "ప్రతి దినమూ ప్రభువు ఇచ్చిందే సార్. ఆయనిచ్చినదాంట్లో చెడ్డది ఎంచటానికి నేనెవర్ని?" అన్నారు. మంచి మాటే గానీ పట్టికలో పట్టే మాట కాదు. అరగంట బతిమాలితే గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా దుఃఖ సమయమని ఒప్పుకున్నారు. నేను ప్రతి శుక్రవారం పన్నెండు నుంచి మూడు అని రాశాను.

"సంవత్సరానికి ఒక్కసారి సార్ అది," అన్నారావిడ.

"మనం వారం వారం రిపోర్టు పంపాలమ్మా," అన్నాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ నేను రూల్సు తెలిసినవాణ్ణి కదా, పట్టికని నోటీసు బోర్డు మీద అంటించి ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు కోరాను. పదిహేను రోజుల్లో నూట నలభై మూడు అర్జీలు వచ్చాయి. ఒక్కరంటే ఒక్కరు కూడా తీసెయ్యమనలేదు. అందరూ తమవి కూడా చేర్చమన్నవారే. ఒక వీధివారు తమ కులదేవతకి గురువారం పొద్దున కోపమన్నారు. పక్క వీధివారు, వాళ్ళ దేవతకి పూటే అయితే మా దేవతకి రోజంతా అన్నారు. ఎప్పుడూ ఏ టైమూ చూడనివాళ్ళు కూడా తాతల్ని అడిగి, ముత్తాతల్ని తవ్వి ఏదో ఒక చెడ్డ గంట పట్టుకొచ్చారు. దుస్సమయం లేదంటే ఊళ్ళో మర్యాద లేనట్టయిపోయింది. నేను ఎవర్నీ నొప్పించకుండా అన్నీ చేర్చాను.

ఆఖరున లెక్క తేల్చాను. ఎటు తిప్పి ఎటు కూడినా, ఏ మతానికీ, ఏ వీధికీ, ఏ నానమ్మకీ అభ్యంతరం లేని సమయం వారానికి పన్నెండు నిమిషాలు మిగిలింది. బుధవారం ఉదయం పదకొండు నలభై నుంచి పదకొండు యాభై రెండు దాకా. దానికి నేనే 'సర్వమత సమ్మత సమయం' అని పేరు పెట్టాను. ఆ పేరు డైరెక్టరేటు వారికి ఎంత నచ్చిందంటే, రేగులపాడు నమూనా అని అభినందన లేఖ పంపారు. దాన్ని ఫ్రేము కట్టించి మా ఇంటి హాల్లో పెట్టుకున్నాను. ఈశాన్యంలో.

ఇక ప్రతి బుధవారం మా ఆఫీసు పెళ్ళిపందిరి అయిపోయేది. పదకొండు ముప్ఫై తొమ్మిదికి అటెండరు గంట పట్టుకుని నిలబడేవాడు. గంట మోగగానే కమిషనర్ గారు కలం ఎత్తేవారు. నేను ఎడమవైపు నుంచి ఫైళ్ళు తోసేవాణ్ణి, మొహిద్దీన్ కుడివైపు నుంచి లాగేవాడు. చదవడానికి వ్యవధి ఉండేది కాదు. దాని వల్ల ఆఫీసు పనికి పెద్ద తేడా ఏమీ రాలేదు. బాగా చెయ్యి తిరిగాక పన్నెండు నిమిషాలకి అరవై నాలుగు సంతకాలు పడేవి. అరవై అయిదో ఫైలు ఎవరిదైనా సరే, వచ్చే వారం.

పైపు పగిలి మూడో వార్డు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నప్పుడు కూడా మేం నియమం తప్పలేదు. "అది గుడి వీధిలో పగిలింది, మసీదు సందులోకి పారింది, చర్చి ముందు నిలిచింది. మూడు మతాల టైములూ చూడాలి," అన్నారు కమిషనర్ గారు. బుధవారం దాకా ఆ నీళ్ళే ఆగాయి. ఊరకుక్కల్ని పట్టే కాంట్రాక్టు ఫైలు ఆరు వారాలుగా అరవై అయిదో స్థానం దాటి పైకి రాలేదు.

ప్రసేనరావు మాస్టారు మాత్రం వదల్లేదు. "ఏ విశ్వాసమూ లేని నాకు మీ పన్నెండు నిమిషాలు ఎందుకండీ? నాకు రాహుకాలంలోనే సంతకం కావాలి. అది నా స్వేచ్ఛ," అని మళ్ళీ పైకి రాశారు. పైనుంచి సవరణ మెమో వచ్చింది. దాని ముసాయిదా కూడా నా చేతనే రాయించారు. "సంతకము చేయు అధికారి, తనకు ఏ మతమునందును, ఏ సమయమునందును విశ్వాసము లేదని తెల్లకాగితముపై వ్రాసి యిచ్చి, సదరు ప్రకటనను తన సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకున్న యెడల, ఏ సమయమందైనను సంతకము చేయవచ్చును."

రూలు వచ్చింది, మనిషి దొరకలేదు. మా ఆఫీసులో దేవుడంటే భయం లేనివాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, సర్వీసు రిజిస్టరంటే భయం లేనివాళ్ళు ఒక్కరూ లేరు. నా సంగతి వేరే చెప్పాలా. నేను మా కాలనీ భజన సమాజానికి ఉపాధ్యక్షుణ్ణి.

అలా ఉండగా ఒక మంగళవారం మధ్యాహ్నం మూడుంబావుకి మస్తానమ్మ నా బల్ల ముందుకి వచ్చింది. ఆఫీసు గేటు పక్కన మిరపకాయ బజ్జీల బండి ఆవిడది. ముప్ఫై ఏళ్ళుగా మా ఆఫీసు సాయంత్రాలు ఆ బండి మీదే గడుస్తున్నాయి. కొంగుతో చేతులు తుడుచుకుని ఒక కాగితం నా ముందు పెట్టింది.

"అయ్యా, మా నాగూర్ కుమారికి మనూరి పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున పదింటికి జిల్లా ఆఫీసులో కాయితాలు చూస్తారంట. పదో తరగతి కాయితంలో పుట్టిన తేదీ ఒకటుంది, మీ పుస్తకంలో ఇంకోటుంది. రెండూ ఒకటి కాకపోతే తరవాతి పిల్లకి ఇచ్చేస్తారంట. పోయిన బుధవారమే పెట్టా. అరవై అయిదో నంబరు పడిందన్నారు."

"రేపు పదకొండు నలభైకి మొదటి ఫైలు నీదే పెడతాను మస్తానమ్మా."

"రేపు పదింటికల్లా బిడ్డ అక్కడుండాలయ్యా. బస్సు రెండు గంటలు. మీ పన్నెండు నిమిషాలు వచ్చేతలికి ఆడ పని అయిపోద్ది."

ఆ రోజు కమిషనర్ గారు సెలవు. జనన మరణాల రిజిస్ట్రారు హోదాతో సహా ఇన్‌ఛార్జి నేనే. అంటే సంతకం నేనే పెట్టాలి. గడియారం వంక చూశాను. మంగళవారం, రాహుకాలం. నా పట్టిక ప్రకారం ఆ గంటలో ఏడుగురు దేవతల, పదకొండు వీధుల అభ్యంతరాలు ఉన్నాయి.

తప్పించుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే, ఇంకో వివరం అడగటం. "నీ మతం ఏమిటి మస్తానమ్మా? దాన్ని బట్టి చూద్దాం," అన్నాను.

"ఏందయ్యా కొత్తగా అడుగుతున్నావ్? మా అమ్మ మస్తానయ్య దర్గాలో మొక్కుకుంటే పుట్టా, ఆ పేరెట్టింది. అంకమ్మ తల్లికి ఏటా పొంగలి పెడతా. మా ఆయనకి జబ్బు చేసినప్పటి నుంచి శుక్రవారం చర్చిలో ఉపాస ప్రార్థనకి పోతా. ఇప్పుడు ఎవర్ని వదిలెయ్యమంటావ్?"

అన్ని కాలమ్‌లూ ఒక్క మనిషిలో ఉంటే మా పట్టికలో నిలబడటానికి చోటు లేదు. ఆవిడకి మా ప్రభుత్వంలో ఏ సమయమూ లేదు. అది పైకి చెప్పలేక, అసలు తప్పు రాసిన దరిద్రుడెవడో చూద్దామని ఇరవై రెండేళ్ళ కిందటి జననాల రిజిస్టరు తెప్పించాను. వాడి మీద నాలుగు తిట్లు పడేస్తే మస్తానమ్మ కోపం కొంత అటు మళ్ళుతుందని ఆశ.

పేజీ దొరికింది. ఆడశిశువు, తల్లి మస్తానమ్మ, బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. పక్కన పొట్టి సంతకం. 'గు.వీ.రా.'

నాకు అంతా గుర్తొచ్చింది. అప్పుడు నేను జూనియర్ అసిస్టెంటుని. మస్తానమ్మ బాలింతగా ఉండి కూడా ఆసుపత్రి చీటీ పట్టుకుని తనే వచ్చింది. చీటీ మీద మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల యాభై నిమిషాలు అని ఉంది. పంచాంగం తీశాను. అమావాస్య, మంగళవారం, పైగా రాహుకాలం. ఆ పసిగుడ్డు మీద జాలి పొంగుకొచ్చింది. నా చేతిలో కలం ఉంది కదా అని, పిల్లని మర్నాడు పొద్దున దాకా ఆపి, అమావాస్య దాటించి, శుభ్రమైన ఘడియలో పుట్టించాను. సాయంత్రం మస్తానమ్మతో ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆవిడ సంబరపడి ఆరు బజ్జీలు పెట్టింది. డబ్బులు తీసుకోలేదు.

అప్పట్లో అలా ఎంతమంది పిల్లల్ని మంచి ఘడియల్లో పుట్టించానో ఇప్పుడు లెక్క చెప్పలేను. వాళ్ళంతా ఉద్యోగాలకి వచ్చే వయసు ఇదే.

"రాసింది నేనే మస్తానమ్మా," అన్నాను.

"తెలుసుగా. మీరేగా చెప్పింది. నేనేమో చదువులేనిదాన్ని, మంచి టైము వేశారని మొక్కా." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. "బడిలో ఏసేటప్పుడు నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, పుట్టిన రోజే చెప్పా. దేవుడు రాసిన టైముని మీరు దిద్దారు. దిద్దినదాన్ని మళ్ళీ దిద్దటానికి మీకిప్పుడు టైము లేదంటన్నారు. మరి నా బిడ్డని ఏ టైములో కనాల్సిందో అప్పుడే చెప్పాల్సిందయ్యా."

సిగ్గేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆఫీసులో నాకు సిగ్గేసిన సందర్భం అదొక్కటే, అందుకని దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. సువార్తమ్మ గారు టైపు చెయ్యడం ఆపి నా వంకే చూస్తున్నారు. మొహిద్దీన్ నా ముందు ఒక తెల్లకాగితం పెట్టాడు.

ఆ రూలు రాసింది నేనే గనక దాని భాష నాకు కంఠతా వచ్చు. 'గుడిమెట్ల వీరరాఘవులు అను నాకు ఏ మతమునందును, ఏ సమయమునందును విశ్వాసము లేదని ఇందుమూలముగా ప్రకటించుచున్నాను.' రాసేటప్పుడు మనసులో మా ఆంజనేయస్వామికి క్షమాపణ చెప్పుకున్నాను. ఇది కాగితం వరకే స్వామీ అన్నాను. నాస్తికుడిగా నా తొలి పని అదే.

రిజిస్టరులో పాత తేదీ కొట్టేసి, ఆవిడ అర్జీకి జతచేసిన ఆసుపత్రి చీటీ ప్రకారం మంగళవారం మూడు గంటల యాభై నిమిషాలు అని రాసి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి ముద్ర వేశాను. పైకప్పు కూలలేదు. ఫ్యాను కూడా ఆగలేదు. మస్తానమ్మ సర్టిఫికెట్ కళ్ళకద్దుకుని గడియారం వంక చూసింది. ఆవిడకి అక్షరాలు రావు గానీ గడియారం వచ్చు.

"నాలుగుకి పది నిమిషాలు. నా బిడ్డ పుట్టిన ఏళకే మళ్ళీ పుట్టిందయ్యా," అంది. "మీకు మంచి జరగాలని ముగ్గురికీ మొక్కుకుంటా."

ఆ మొక్కులు ముగ్గురికీ ఆలస్యంగా అందినట్టున్నాయి. నా ప్రకటన సర్వీసు రిజిస్టరుకెక్కింది. భజన సమాజం నన్ను ఉపాధ్యక్ష పదవి నుంచి తప్పించి తాళాలు మాత్రం నా దగ్గరే ఉంచింది. ఇంట్లో మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది, అంతకంటే మూడు రోజులే నయం. డైరెక్టరేటు వారు, విశ్వాసం లేని అధికారి దుస్సమయ పట్టికకి బాధ్యుడిగా ఉండటం విశ్వాసుల మనోభావాలకి భంగకరమనీ, నాకు చార్జిమెమో ఇవ్వమనీ కమిషనర్ గారిని ఆదేశించారు. మెమో తయారైంది. దాని మీద కమిషనర్ గారు బుధవారం పదకొండు నలభైకి సంతకం పెట్టాలి. ఫైళ్ళు వరుసలో పేర్చేది మాత్రం నేనే. నా మెమో ఏ వారం చూసినా అరవై అయిదో ఫైలుగానే ఉంటోంది. దాని కింద అరవై ఆరోది కుక్కల కాంట్రాక్టు ఫైలు.

పోయిన మంగళవారం ఆఫీసు గేటు దగ్గరే నన్ను కుక్క కరిచింది. అరవై ఆరో ఫైలు తాలూకు కుక్కే. దానికి టైము చూసుకునే అలవాటు లేదు, పిక్క పట్టుకుంది. మస్తానమ్మ అట్లకాడతో తరిమి, నన్ను ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపింది. ఇంజెక్షన్ గదిలో తెల్లచీర కట్టుకున్న అమ్మాయి నా పేరు విని తల ఎత్తింది. బల్ల మీద చిన్న బోర్డు ఉంది, నాగూర్ కుమారి, స్టాఫ్ నర్సు.

ఆ పిల్ల సూది సిద్ధం చేస్తుంటే నా కళ్ళు వాటంతట అవే గోడ గడియారం మీదికి వెళ్ళాయి. నాలుగుంబావు. రాహుకాలం పోవడానికి ఇంకా పావుగంట ఉంది. ఆ అమ్మాయి అది గమనించింది. సూది వేసి, దూదితో అద్ది, చీటీ ముందుకి లాక్కుని కలం తీసింది.

"చీటీ మీద టైము వెయ్యాలి సార్," అంది. "ఉన్నది రాయమంటారా, మంచిది రాయమంటారా?"

"ఉన్నదే రాయమ్మా," అన్నాను.